థీసిస్ కన్నా ముందు పేటెంట్: వైస్ చాన్సలర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ చాన్సలర్ గారికి,

నమస్కారం. పేటెంట్లు, వైద్య పరికరాల అనుమతుల పని చేసేవాళ్లం రాస్తున్నాం. మీ ల్యాబ్‌లలో పుట్టే రోగ నిర్ధారణ కిట్లు రోగుల దాకా చేరాలి. పరిశోధనను కంపెనీలకు అందించే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ సెల్‌కు కొత్త బోర్డు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు ఫైళ్ల వరుస మార్చండి.

థీసిస్ శోధ్‌గంగలోకి (అందరూ చూడగల ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారం) ఎక్కాక పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే, పేటెంట్‌కు తప్పనిసరైన కొత్తదనం పోయినట్టే. ముందే బయటపెట్టినా దరఖాస్తు చేసుకోవడానికి పేటెంట్ చట్టం సెక్షన్ 31 ఇచ్చే 12 నెలల వెసులుబాటు విద్వత్సభలో చదివిన పత్రం లాంటి కొద్ది సందర్భాలకే. దాన్ని నమ్ముకోవద్దు. థీసిస్ సమర్పణ ఫారంలోనే 'పేటెంట్‌కు పనికొచ్చేది ఉందా?' అనే గడి పెట్టండి. ఉంటే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయించాలి. అప్పటినుంచి 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరణ) వేయకపోతే దాన్ని వదులుకున్నట్టే లెక్క. విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది, డబ్బుల్లేవన్న సాకు చెల్లదు.

రోగ నిర్ధారణ పద్ధతికి సెక్షన్ 3(ఐ) కింద పేటెంట్ రాదు. అందుకే క్లెయిములు (హక్కు కోరే అంశాలు) పద్ధతి మీద కాక కిట్ మీద రాయించండి.

కిట్ తయారుచేసే కంపెనీ, తనకొక్కదానికే చెందే ప్రత్యేక హక్కు అడుగుతుంది. ఇవ్వండి, కానీ ఎండీ-13 టెస్ట్ లైసెన్సుకు (పరీక్షల కోసం పరికరం తయారుచేసే అనుమతి), క్లినికల్ పరీక్షలకు గడువులు పెట్టి, దాటితే హక్కు వెనక్కి వచ్చేలా రాయండి. లేకపోతే కిట్ వాళ్ల బీరువాలోనే ఉండిపోతుంది. రాయల్టీ శాతం మీద నెలల తరబడి బేరమాడే కమిటీలు ఈ ఒక్క షరతు మాత్రం మరిచిపోతాయి!

ఏసీ ల్యాబ్‌లో పనిచేసిన కిట్ మే నెలలో పీహెచ్‌సీ బల్ల మీద ఫెయిలవ్వచ్చు, వేడికి ఎంజైము దెబ్బతింటుంది గనక. వేడికి, కాలానికి కిట్ తట్టుకుంటుందో చూసే స్టెబిలిటీ పరీక్షలకు విడిగా నిధి కేటాయించండి. ఎయిమ్స్‌లో 1980లలో గుర్తించిన 116ఈ అనే రోటావైరస్ రకం, హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేతిలో రోటావాక్ టీకాగా విడుదలయ్యేసరికి 2015 వచ్చింది. నిధులు కూడా ఏళ్ల తరబడి అందేలా ఉండాలి.

ఇట్లు,
పేటెంట్, అనుమతుల నిపుణులు కొందరు