లువావ్ అంటే చామాకు, అమ్మలూ

పాలకొల్లు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అల్లుడుగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాం.

హవాయి వెళ్తున్నామని నువ్వు చెప్పినప్పట్నుంచీ మీ అమ్మకి కాలు నిలవడం లేదు. నువ్వు పంపిన నాలుగు లువావ్ షోల (హవాయి వాళ్ల విందు, దాంతో పాటు ఆటపాట) వివరాలూ తీరిగ్గా చూశాను. "మీరు తమ్ముడితో వెళ్లొచ్చారు కదా నాన్నా, ఏది బుక్ చెయ్యమంటారు?" అని అడిగావు. ఫోన్లో అయితే పిల్లల గోల మధ్య నీకు సగమే వినపడుతుంది. ఇది నిదానంగా చెప్పాల్సిన విషయం, అందుకే రాస్తున్నాను.

పెద్దవాళ్ల టికెట్ ఎక్కడ చూసినా వంద డాలర్లు దాటే ఉంది. నలుగురికి లెక్కేస్తే చిన్న మొత్తం కాదు. అయినా నా దిగులు డబ్బు గురించి కాదు. మేము చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదని.

2024 మే నెలలో తమ్ముడు మమ్మల్ని ఓవాహు దీవికి తీసుకెళ్లినప్పుడు మొదటి రోజే ఒక హోటల్లో లువావ్ చూశాం. గేటు దగ్గర మెడలో గవ్వల దండ వేసి ఫొటో తీశారు, ఆ ఫొటో మళ్లీ మనకే అమ్మారు. ఎక్కువ డబ్బు కట్టినవాళ్లది మొదటి వరస. మా టేబుల్ నంబరు పిలిచేసరికి ట్రేలు సగం ఖాళీ. ఇవేవీ నేను పట్టించుకోలేదు. నలభై ఏళ్లు పెళ్లి వంటలు చేయించినవాణ్ని, వడ్డనలో తేడాలు రావడం నాకు తెలుసు. నన్ను కష్టపెట్టింది ఒక్క మాట. ప్లేటు పక్కన చిన్న ప్లాస్టిక్ గిన్నెలో ఊదారంగు ముద్ద పెట్టారు. దాని పేరు పోయ్. మైకు పట్టుకున్నతను "ఇది గోడకి కాగితాలు అంటించే జిగురు, వదిలేసినా మేమేమీ అనుకోం" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. పోయ్ అంటే ఏంటో అప్పటికి నాకు తెలియదు. నాలుగు రోజుల తర్వాత తెలిసింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పోయ్ అంటే ఉడకబెట్టి రోట్లో దంచి నీళ్లతో మెదిపిన చామదుంప. అవునమ్మా, మన పెరట్లో నూతి పక్కన పెరిగే చామే. మొక్క జాతి కూడా ఒకటే. వాళ్లు కాలో అంటారు. మనం పులుసు పెట్టుకుంటాం, వాళ్లకి అదే అన్నం.

తమ్ముడి ఆఫీసులో ఒక హవాయి కుర్రాడు ఉన్నాడని చెప్పాను కదా. వాళ్లది ఓవాహు పడమటి తీరం. అతని అక్క కూతురికి మొదటి పుట్టినరోజని మమ్మల్ని ఇంటికి పిలిచాడు. పాపకి ఏడాది నిండితే లువావ్ చెయ్యడం వాళ్ల ఆచారం. ఒకప్పుడు బయటి ఓడలతో వచ్చిన జబ్బులకి పిల్లలు దక్కేవాళ్లు కాదట, ఏడాది గడిచిందంటే ఊపిరి పీల్చుకుని ఊరందరికీ భోజనం పెట్టేవాళ్లట. పాప మేనతాత ఈ సంగతి చెప్పాడు. అందరూ ఆయన్ని అంకుల్ అంటున్నారు. అక్కడా మనలాగే, చుట్టరికం ఉన్నా లేకపోయినా పెద్దవాళ్లంతా అంకుల్, ఆంటీలే.

వంట చూడాలని నేను తెల్లవారకముందే వెళ్లాను. పెరట్లో గొయ్యి తవ్వి ఉంది, మన గాడిపొయ్యి కన్నా వెడల్పు. దాన్ని ఇము అంటారు. కియావే కట్టెలు పేర్చి పైన లావా రాళ్లు పరిచి నిప్పు పెట్టారు. కియావే చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, ఆ ముళ్లూ ఆ వాసనా చూసి నేనే గుర్తుపట్టాను. రాళ్లు ఎలాంటివి పడితే అలాంటివి వెయ్యరు. ఏటి గులకరాయిలో నీరుంటే వేడికి పగిలి మీదికి ఎగురుతుంది, అందుకని చిల్లులున్న లావా రాళ్లనే ఏరుకుంటారు. రాళ్లు బాగా కాలాక చదును చేసి, వాటి మీద అరటి బోదెలు చితక్కొట్టి పరిచారు. చుంయ్‌మని ఆవిరి లేచింది. బోదెలో ఉన్న నీరే ఆ వంటకి ఎసరు. దాని మీద టీ ఆకులు (తాగే టీ కాదు, పొడుగ్గా నిగనిగలాడే ఆకు), ఆపైన ఉప్పు రాసిన పంది, పక్కన చిలగడదుంపలు, చామాకులో చుట్టిన మాంసం పొట్లాలు. మళ్లీ ఆకులు, తడి గోనెలు, మీద మట్టి. ఎక్కడైనా ఆవిరి పోతుంటే అంకుల్ పారతో ఇంత మట్టి వేసి తట్టేవాడు. మన గుండిగ మూతకి గోధుమపిండి అంటించి దమ్ము ఆపుతామే, అదే పని. ఎనిమిది గంటలు ఎవ్వరూ దాన్ని కదపలేదు. మసాలా లేదు, నూనె లేదు. సాయంత్రం తీసేసరికి చేత్తో తాకితే పోగులుగా విడిపోయింది. నేను అంతకుముందు పంది మాంసం ముట్టినవాణ్ని కాదు, ఆయన చేతిలో పెడితే కాదనలేకపోయాను. ఉప్పూ పొగా తప్ప ఇంకో రుచి లేదు, అయినా ఇంకొంచెం అడగాలనిపించింది.

భోజనాలు మొదలయ్యే ముందు ముసలావిడ ఒకావిడ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని పోయ్ గిన్నె మీద మూత తీసింది. అంతదాకా అవతల ఏదో విషయం మీద గట్టిగా వాదించుకుంటున్న ఇద్దరు మగవాళ్లు ఠక్కున ఆపేశారు. పోయ్ గిన్నె తెరిచి ఉండగా గొడవపడకూడదట. ఎందుకంటే వాళ్ల కథలో ఆకాశదేవుడు వాకేయాకి మొదట పుట్టిన కొడుకు ఊపిరి లేకుండా పుడితే మట్టిలో పెట్టారు. అక్కడ చామ మొలిచింది. ఆ తర్వాత పుట్టిన బిడ్డ హాలోవా నుంచి మనుషులు వచ్చారు. అంటే చామ వాళ్లకి పెద్దన్నయ్య. పెద్దన్నయ్య ఎదురుగా నోరు జారకూడదు. ఆవిడ వేలు ముంచి తీసి పాప నోట్లో పెట్టింది. పాప వేలు వదల్లేదు. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని "అన్నప్రాశనలా లేదూ" అంది. హోటల్లో జిగురని నవ్వింది దీన్నేనా అని నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అంకుల్ నాకు తినే పద్ధతి చెప్పాడు. చిక్కగా ఉంటే ఒక్క వేలితో వస్తుంది, కొంచెం పలచనైతే రెండు వేళ్లు, ఇంకా పలచనైతే మూడు. అందుకని ఒంటి వేలి పోయ్, రెండు వేళ్ల పోయ్ అంటారు. అప్పటికప్పుడు దంచింది కమ్మగా ఉంటుంది, రెండు రోజులు ఉంటే తరవాణిలా పులుస్తుంది. ఉత్తిది తినకూడదు, ఉప్పు మాంసంతోనో చేపతోనో కలిపి తినాలి. ఉత్త సంకటి తిని బాగాలేదంటే ఎలా?

లువావ్ అన్న మాటకి అసలు అర్థం కూడా ఆ రోజే తెలిసింది. లేత చామాకు అని అర్థం. ఆ ఆకుని కొబ్బరిపాలల్లో ఉడికించిన కూరని కూడా లువావ్ అంటారు. ఆ కూర పేరే విందుకి వచ్చేసింది. పూర్వం విందుని అహాఅయినా అనేవాళ్లట. ఇంకో సంగతి నీకు తప్పకుండా చెప్పాలి. 1819కి ముందు అక్కడ ఆడా మగా కలిసి తినడం నిషేధం. పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపళ్లు ఆడవాళ్లు ముట్టకూడదు, తప్పితే ప్రాణానికే ముప్పు. ఆ ఏడాది కుర్రరాజు రెండో కమెహమెహా, తల్లి కెయోపువోలానీ, సవతి తల్లి కాహుమనూ పట్టుబట్టడంతో, అందరూ చూస్తుండగా వెళ్లి ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని తిన్నాడు. ఆ ఒక్క భోజనంతో పాత కట్టడి కూలిపోయింది. మన ఇళ్లల్లో మీ నానమ్మ ఏనాడూ మొదటి పంక్తిలో కూర్చోలేదు. అది తల్చుకుని ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

వంటవాణ్ని కాబట్టి ఒక లెక్క కూడా రాసుకొచ్చాను. 1847లో మూడో కమెహమెహా రాజు పదివేల మందికి పెట్టిన విందుకి 271 పందులు, 602 కోళ్లు, 482 పెద్ద బుర్రల పోయ్, 2,245 కొబ్బరికాయలు, 4,000 చామదుంపలు పట్టాయట. ఆ వంటకి మేస్త్రి ఎవరో, ఎన్ని గోతులు తవ్వించాడో!

ఇక ఆట సంగతి. పిల్లలకి నిప్పుల కత్తి తిప్పే డాన్స్ చూడాలని ఉందన్నావు. చూడనీ, తప్పు లేదు. కానీ అది సమోవా వాళ్లది. డోళ్లు వేగంగా మోగుతుంటే నడుము ఊపే ఆట తహితీది. హవాయిది హులా. హులాలో పాట చెప్పే మాటని చేతులు చూపిస్తాయి. పాతదాన్ని కహికో అంటారు, సొరబుర్ర మీదా పహు అనే డోలు మీదా తాళం వేస్తూ పాడతారు. క్రైస్తవంలోకి మారాక 1830లో కాహుమనూయే దాన్ని నలుగురిలో ఆడకూడదని ఆపించింది. మళ్లీ కలాకవా రాజు 1883లో తన పట్టాభిషేకంలో ఆడించి బయటికి తెచ్చాడు. అన్నిటినీ కలగలిపి "ఇదే హవాయి" అని చూపించే షో మాత్రం వద్దు. ఏ ఆట ఏ దీవిదో పేరు పెట్టి చెప్పేచోటికి వెళ్లండి.

నువ్వు పంపిన నాలుగింట్లో నా మనసు మావీ దీవిలోని ఓల్డ్ లహైనా లువావ్ మీద ఉంది. 1986 నుంచి నడుస్తోంది. అక్కడ హులా కథే నడిపిస్తారు, నిప్పుల ఆట పెట్టరు. ఇము తెరవడం మన కళ్లముందే. సముద్రం ఒడ్డున పడమటి ముఖం, పొద్దు గుంకడం చూస్తూ కూర్చోవచ్చు. 2023 ఆగస్టు 8న లహైనా ఊరు తగలబడినప్పుడు ఈ చోటు దక్కింది, 2024లో మళ్లీ తెరిచారు. ఆ మంటల్లో వందమందికి పైగా పోయారు. అక్కడ వడ్డించేవాళ్లల్లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు. కాలిన వీధుల దగ్గర కారాపి ఫొటోలు తియ్యనివ్వకు, పిల్లలకి ముందే చెప్పు. టిప్ విషయంలో వెనకాడొద్దు.

పిల్లలు నిప్పుల ఆట కోసం మారాం చేస్తే ఓవాహులో లాయియే ఊళ్లో పాలినీషియన్ కల్చరల్ సెంటర్ ఉంది. 1963లో పెట్టారు. సమోవా, తోంగా, ఫిజీ, తహితీ, న్యూజీలాండ్ మావోరీలు, హవాయి, ఎవరి వాడ వాళ్లకి ఉంటుంది. ఎవరి ఆట ఎవరిదో తికమక ఉండదు. మందు పొయ్యరు. ఆదివారం సెలవు. అదొక రోజు పని, పొద్దున్నే బయల్దేరండి.

ఏది బుక్ చేసినా ముందు ఫోన్ చేసి రెండు సంగతులు అడుగు. ఇములో వండిందే పెడతారా, పోయ్ గురించి ఎలా చెబుతారు? వాళ్ల గొంతులోనే నీకు తెలిసిపోతుంది.

అల్లుడుగారు శాకాహారం కాబట్టి జాగ్రత్త. లువావ్ కూర చూడటానికి మన చామాకు పప్పులా ఉంటుంది, కానీ కోడి మాంసమో స్క్విడ్డో వేస్తారు. లావ్‌లావ్ అనే చామాకు పొట్లంలో పంది, చేప ఉంటాయి. లోమీ సాల్మన్ అచ్చం టమాటా ఉల్లిపాయ పచ్చడే, అందులో ఉప్పు పట్టించిన పచ్చి చేప ముక్కలుంటాయి. మీ అమ్మ గరిటె వేసుకోబోతుంటే తమ్ముడు పట్టుకున్నాడు. పోయ్, చిలగడదుంప, హావుపియా అనే కొబ్బరిపాల బిళ్ల నిశ్చింతగా తినొచ్చు. మెడలో వేసిన పూలదండ, వేసినవాళ్ల ముందే తీసెయ్యకండి.

మావీలోనే హానా అనే ఊరికి వెళ్లే దారిలో కెయనై అనే చోట దిగండి. అక్కడ చామని మన వరిలాగే నీళ్లు నిలిపిన మళ్లల్లో పండిస్తారు. చెరకు తోటలకి వాగుల్ని మళ్లించుకుపోయాక చాలాచోట్ల ఆ మళ్లు ఎండిపోయాయట, కొన్ని కుటుంబాలు ఇప్పటికీ నీళ్ల కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. గోదావరి కాలువ గట్టున పుట్టినదానివి, ఆ మళ్లు చూస్తే నీకు వేరే చెప్పక్కర్లేదు. గట్ల మీద నడవకండి, అవి వాళ్ల పొలాలు. రోడ్డు మీంచే చూడండి.

చిన్నది పోయ్ తింటుందో లేదో చూసి రాయి. మొదటిసారి ఒక వేలికి ఎంత వస్తే అంతే పెట్టు. మొన్న నూతి పక్కన నాటిన దుంపలు నాలుగాకులు వేశాయి, మీరు సంక్రాంతికి వచ్చేసరికి కోతకి వస్తాయి. మీ అమ్మ ఆ కొబ్బరిపాల కూర కోడి లేకుండా చేసి చూస్తానంటోంది.

ఇట్లు,
మీ నాన్న