ఆరోగ్య బీమా నుంచి గర్భనిరోధక సేవలను తొలగించడంపై సంస్థ అధ్యక్షులకు ఫిర్యాదు లేఖ

డాలస్, టెక్సాస్
2022 మార్చి 14

సంస్థ అధ్యక్షులు గారికి,

విషయం: 2022 జనవరి 1 నుంచి ఉద్యోగుల ఆరోగ్య బీమాలో గర్భనిరోధక మందులను, సాధనాలను, వాటికి సంబంధించిన వైద్య సేవలను తొలగించడం, ఆ కారణంగా నా చికిత్సకు అనుమతి నిరాకరించడం.

అయ్యా,

నేను మీ సంస్థలో ఆరేళ్లకు పైగా హెచ్‌1బీ వీసా మీద పనిచేస్తున్న ఉద్యోగినిని. ఇదే విషయం మీద హెచ్‌ఆర్ విభాగానికి ఇంగ్లీషులో రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి ప్లాన్ పుస్తకం (మన బీమా నియమాల పుస్తకం) చూసుకొమ్మని ఒక్క వాక్యం జవాబు వచ్చింది, రెండోదానికి అదీ రాలేదు. ఈ నిర్ణయం మీ కుటుంబ విశ్వాసాన్ని బట్టి తీసుకున్నదని, తమ చేతుల్లో ఏమీ లేదని ఫోనులో మాత్రం చెప్పారు. మీరు ఏటా క్రిస్మస్ విందులో మా అందరితో తెలుగులోనే మాట్లాడతారు కాబట్టి, ఈసారి నేరుగా మీకే తెలుగులో రాస్తున్నాను.

ముందుగా జరిగింది చెబుతాను. రెండేళ్లుగా నాకు నెలసరి సమయంలో రక్తస్రావం విపరీతంగా అవుతోంది. ఈ జనవరిలో పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువగా, 8.2 ఉంది. మాత్రలతో తగ్గకపోవడంతో డాక్టరు గారు గర్భసంచిలో అమర్చే, హార్మోను ఉన్న లూప్ వేయించుకొమ్మని సలహా ఇచ్చారు. ఈ రకం లూప్‌ను అధిక రక్తస్రావ చికిత్సకు కూడా వాడవచ్చని ఈ దేశపు మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే అనుమతించింది, అంటే ఇది డాక్టరు సొంతంగా కనిపెట్టిన వైద్యం కాదు. క్లినిక్ వాళ్లు ముందస్తు అనుమతి కోరితే, ఫిబ్రవరి 3న మన ప్లాన్‌ను నిర్వహించే కంపెనీ నుంచి తిరస్కరణ పత్రం వచ్చింది. యజమాని మతపరమైన అభ్యంతరం వల్ల గర్భనిరోధక సాధనాలకు, అవి ఏ కారణంతో వాడినా సరే, ఈ ప్లాన్ డబ్బు చెల్లించదని అందులో ఉంది. సాధనానికి, అమర్చినందుకు కలిపి 1,480 డాలర్లు అవుతాయని క్లినిక్ లెక్క చెప్పింది. ఇదే ప్లాన్ నాకు రెండుసార్లు నరం ద్వారా ఇనుము ఎక్కించడానికి మాత్రం పేచీ లేకుండా చెల్లించింది. రేపు పరిస్థితి ముదిరి గర్భసంచి తీసివేయాల్సి వస్తే దానికీ చెల్లిస్తుందట. రక్తం పోయాక ఎక్కించడానికి లేని అభ్యంతరం, పోకుండా ఆపడానికి ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు.

మీ విశ్వాసాన్ని తక్కువ చేయడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. నేనూ గుంటూరు లూథరన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్నే, ఆదివారం ఆరాధన మానని ఇంట్లో పెరిగినదాన్నే. 1883లో అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చి ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టిన సంగతి మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకొనే కథ. మా అమ్మకు రెండో కాన్పు తర్వాత ఏఎన్ఎం ఇంటికి వచ్చి నచ్చజెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా లూప్ వేయించింది. ఆ మరుసటి ఆదివారం అమ్మ యథాప్రకారం చర్చికి వెళ్లింది, ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. మన దేశంలో 1952 నుంచి ప్రభుత్వమే నడిపిస్తున్న కుటుంబ నియంత్రణ కార్యక్రమం అది. అక్కడ ప్రభుత్వం ఇంటి గడపలోకి తెచ్చి ఇచ్చినదాన్ని, ఇక్కడ జీతంలోంచి ప్రీమియం కట్టి కూడా పొందలేకపోవడం నాకు వింతగానే ఉంది. అయినా దేశం వేరు, చట్టం వేరు, మీ మనస్సాక్షి మీది. కాబట్టి ఇక్కడి చట్టం ప్రకారమే మాట్లాడతాను.

2010లో వచ్చిన, అందరూ ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం కింద, ఎఫ్‌డీఏ ఆమోదించిన గర్భనిరోధక పద్ధతులను కోపే (ప్రతిసారీ రోగి కట్టే వాటా) గాని డిడక్టిబుల్ (బీమా చెల్లించడానికి ముందు రోగి సొంతంగా పెట్టాల్సిన మొత్తం) గాని లేకుండా బీమాలో ఇవ్వాలని 2011 ఆగస్టులో నిబంధన పెట్టారు. చర్చిలకు మొదటి నుంచీ మినహాయింపు ఉంది. మీలాంటి కుటుంబ వ్యాపారాలకు దారి తెరిచింది 2014 జూన్ 30న సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో, హాబీ లాబీ అనే దుకాణాల కంపెనీ కేసులో ఇచ్చిన తీర్పు. ఆ తర్వాత ట్రంప్ ప్రభుత్వం 2017లోనూ, 2018లోనూ చేసిన నిబంధనలు మినహాయింపును ఇంకా విస్తరించాయి. 2020 జూలై 8న ఆ నిబంధనలు చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని సుప్రీంకోర్టు 7-2తో చెప్పింది. మన ప్లాన్ సంస్థ సొంత నిధులతో నడిచేది (వైద్య ఖర్చులు బీమా కంపెనీ కాక సంస్థే భరించేది) కాబట్టి రాష్ట్ర బీమా చట్టాలు దానికి వర్తించవని కూడా తెలుసు. అందువల్ల మినహాయింపు కోరే హక్కు మీకు లేదని నేను వాదించడం లేదు. ఆ హక్కును వాడుకున్న తీరు మీదే నా ఫిర్యాదు.

మీరు ఆధారపడుతున్న ఆ 2014 తీర్పును దయచేసి పూర్తిగా చదివించుకోండి. యజమాని డబ్బు పెట్టకుండా, ఉద్యోగినికి నష్టం రాకుండా చేసే ఏర్పాటు ఒకటి అప్పటికే ఉంది. మతసంబంధమైన లాభాపేక్ష లేని సంస్థలు తమకు అభ్యంతరం ఉందని ఒక పత్రం మీద తెలియజేస్తే చాలు, ఆ పైన ఆ సేవల ఖర్చును బీమా కంపెనీయో, సొంత నిధుల ప్లాన్ అయితే దాన్ని నిర్వహించే కంపెనీయో విడిగా భరిస్తుంది. అలా భరించినదాన్ని నిర్వహణ కంపెనీ తిరిగి రాబట్టుకోవడానికి, ప్రభుత్వ బీమా మార్కెట్‌కు బీమా కంపెనీలు కట్టే రుసుములో సర్దుబాటు చేసే పద్ధతి పెట్టారు. ఈ ఏర్పాటును వ్యాపార సంస్థలకు కూడా విస్తరించవచ్చు కదా, అలా చేస్తే ఆ ఉద్యోగినుల మీద పడే ప్రభావం అక్షరాలా సున్నా కదా అన్నదే జస్టిస్ అలిటో రాసిన మెజారిటీ తీర్పుకు ఆయువుపట్టు. అంటే యజమాని విశ్వాసం గెలిచింది, ఆడవాళ్లు నష్టపోనక్కరలేదన్న లెక్క మీదనే. మీరు ఆ తీర్పులోని మొదటి సగాన్ని తీసుకుని రెండో సగాన్ని వదిలేశారు. 2018 నిబంధనల వల్ల ఆ ఏర్పాటు ఇప్పుడు తప్పనిసరి కాదన్నది నిజమే, కానీ రద్దు కాలేదు. కోరుకునే యజమానికి అది ఈ రోజుకూ అందుబాటులో ఉంది. దాన్ని ఎందుకు కోరుకోలేదన్నదే ఈ ఉత్తరంలో నేను మిమ్మల్ని అడుగుతున్న అసలు ప్రశ్న.

ఆ పత్రం మీద సంతకం పెట్టడం కూడా పాపంలో పాలుపంచుకోవడమే అని నమ్మేవారున్నారు. వృద్ధులకు సేవ చేసే సన్యాసినుల సంస్థతో సహా పలు మత సంస్థలు అదే మాట మీద కోర్టుకు వెళ్లాయి, 2016లో సుప్రీంకోర్టు తేల్చకుండానే ఆ కేసులను కింది కోర్టులకు తిప్పి పంపింది. మీ నమ్మకం కూడా అదే అయితే ఆ మాటే మాకు చెప్పండి, గౌరవిస్తాను. కానీ నేను ప్లాన్ పుస్తకం చదివాక నాకు అలా అనిపించలేదు. 84 పేజీల ఆ పుస్తకంలో 61వ పేజీలో, సౌందర్య శస్త్రచికిత్సకూ వినికిడి యంత్రాలకూ మధ్య, గర్భనిరోధక సేవలు వర్తించవన్న ఒక్క పంక్తి ఉంది. అదే పుస్తకం 43వ పేజీలో మగవారి వేసెక్టమీ ఆపరేషన్‌కు ప్లాన్ చెల్లిస్తుందని రాసి ఉంది. పిల్లలు పుట్టకుండా చేసుకోవడమే దైవవిరుద్ధమైతే ఆ పేజీ ఎలా మిగిలిందో చెప్పాలి. హాబీ లాబీ యజమానులు సైతం ఎఫ్‌డీఏ ఆమోదించిన 20 పద్ధతుల్లో, ఫలదీకరణ జరిగిన అండానికి హాని చేస్తాయని తాము నమ్మిన నాలుగింటికే అభ్యంతరం చెప్పారు, మిగతా 16 పద్ధతులను బీమాలో ఉంచారు. మీరు అన్నింటినీ ఒకే పంక్తితో కొట్టేశారు.

ఇక చికిత్స సంగతి. గర్భనిరోధాన్ని అందరికన్నా గట్టిగా వ్యతిరేకించే కాథలిక్ సభ కూడా, పోప్ పాల్ 6 వెలువరించిన 1968 నాటి లేఖలో, జబ్బు నయం చేయడానికి అవసరమైన వైద్యం గర్భాన్ని అడ్డుకునేదైనా సరే, ఆ అడ్డుకోవడమే ఉద్దేశం కానంత వరకు తప్పు కాదని చెప్పింది. కాథలిక్ సభకు లేని అభ్యంతరం మన ప్లాన్ పుస్తకానికి ఎక్కడి నుంచి వచ్చిందో, "ఏ కారణంతో వాడినా సరే" అన్న మాటలు మీరు రాయించినవో, లాయరు గారో నిర్వహణ కంపెనీయో వేరే ప్లాన్ నుంచి ఎత్తి అతికించినవో నాకు తెలియాలి.

మూడో విషయం, మాకు చెప్పకపోవడం. నవంబరులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా బీమా ప్లాన్ ఎంచుకునే గడువు) మీద హెచ్‌ఆర్ వాళ్లు గంటసేపు సమావేశం పెట్టి, దంత వైద్యం, కళ్లద్దాలు, జిమ్ రాయితీ అన్నీ చెప్పారు, ఈ మార్పు గురించి మాత్రం నోరు విప్పలేదు. ప్లాన్‌లో సేవలను గణనీయంగా తగ్గిస్తే, ఆ నిర్ణయం తీసుకున్న 60 రోజుల్లోపు సభ్యులకు రాతపూర్వకంగా తెలియజేయాలని ఉద్యోగుల ప్రయోజనాలకు సంబంధించిన ఎరిసా చట్టం కింద నిబంధన ఉంది. హాబీ లాబీ తీర్పు వచ్చిన మూడు వారాల్లోపే, 2014 జూలైలో, గర్భనిరోధక సేవలను తీసేసే యజమానులకు కూడా ఈ వెల్లడి నియమాలు వర్తిస్తాయని కార్మిక శాఖ గుర్తుచేసింది. నాకు అలాంటి నోటీసు ఏదీ రాలేదు, నేను అడిగిన తొమ్మిది మందిలో ఎవరికీ రాలేదు. ముందే తెలిసి ఉంటే నేను నా భర్త ఆఫీసు ప్లాన్‌లో చేరి ఉండేదాన్ని. ఇప్పుడు ఆ గడువు దాటిపోయింది. మా సహోద్యోగి ఒకావిడకు జనవరి మొదటి వారంలో మందుల షాపు కౌంటరు దగ్గర, వెనక జనం నిలబడి ఉండగా, మీ కంపెనీ ఇకపై దీనికి డబ్బు కట్టదని చెప్పారట. ఆ తర్వాత హెచ్‌ఆర్‌లో ఒకరు ఆమెను ఆ మాత్రలు ఎందుకు వాడుతున్నారని అడిగారు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఏ చట్టం కిందా, ఏ మతం కిందా వారికి లేదు.

ఇష్టం లేకపోతే వేరే ఉద్యోగం చూసుకోవచ్చన్న మాట కూడా నా చెవిన పడింది. ఆ మాట అన్నవారికి మన సంస్థలో ఎవరు పనిచేస్తున్నారో తెలియదనుకోను. మాలో చాలామంది ఐ140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని పెట్టే దరఖాస్తు) మంజూరై, ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరసలో మా వంతు) కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లం. కంపెనీ మారితే కొత్త యజమాని పెర్మ్ (గ్రీన్‌కార్డు దరఖాస్తుకు ముందు కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ) దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. హెచ్‌4 (హెచ్‌1బీ వారి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వచ్చి పని అనుమతి లేని భార్యలకు భర్త ఆఫీసు బీమా తప్ప మరో దిక్కు లేదు. బీమా డబ్బు మీదే కదా అంటారేమో. ప్రతి రెండు వారాలకూ మా జీతంలోంచి కోసుకునే ప్రీమియం పక్కన పెట్టినా, మీ వాటా కూడా మా పనికి ఇచ్చే ప్రతిఫలంలో భాగమే. ఆఫర్ లెటర్‌లో జీతం కింద వరసలో దాన్ని చూపించే కదా మమ్మల్ని చేర్చుకున్నారు. నా జీతంతో నేను ఈ 1,480 డాలర్లు కష్టం మీదనైనా కట్టుకోగలను. మన ఆఫీసులో రిసెప్షన్‌లోనూ, పేరోల్ విభాగంలోనూ పనిచేసేవారి మాట అది కాదు. కనీస వేతనం మీద బతికే మనిషికి లూప్ ఖర్చు దాదాపు ఒక నెల పూర్తి జీతమని జస్టిస్ గిన్స్‌బర్గ్ 2014 నాటి భిన్న తీర్పులో రాశారు.

కనుక నేను కోరుతున్నది ఇది. విడిగా చెల్లించే ఏర్పాటు కోసం అవసరమైన పత్రాన్ని నిర్వహణ కంపెనీకి గాని, ఆరోగ్య మానవ సేవల శాఖకు గాని వెంటనే పంపించండి. మీ విశ్వాసం అందుకు ఒప్పుకోకపోతే ఆ మాటను మీ సంతకంతో ఉద్యోగులందరికీ తెలియజేయండి. అప్పుడు కనీసం వచ్చే నవంబరులో ఎవరి దారి వారు చూసుకోగలరు. ఈ లోపల "ఏ కారణంతో వాడినా సరే" అన్న మాటలను ప్లాన్ నుంచి తొలగించి, డాక్టరు చికిత్స కోసం రాసిన మందులకు, సాధనాలకు జనవరి 1 నుంచే వర్తించేలా చెల్లించండి. ఇప్పటికే సొంత డబ్బు పెట్టుకున్నవారికి తిరిగి ఇప్పించండి. ఎవరు ఏ మందు వాడుతున్నారో హెచ్‌ఆర్ వాళ్లు ఇకపై అడగకుండా రాతపూర్వకంగా ఆదేశించండి.

తిరస్కరణ మీద అప్పీలుకు నాకు 180 రోజుల గడువు ఉన్నా, ఆరోగ్యం ఆగదు కాబట్టి ఫిబ్రవరి 21నే అప్పీలు పంపాను. చికిత్సకు ముందు చేసుకున్న అప్పీలు మీద 30 రోజుల్లో, అంటే ఈ నెల 23 లోపు నిర్ణయం చెప్పాలి. పుస్తకం ప్రకారం తుది నిర్ణయం ప్లాన్ అడ్మినిస్ట్రేటరుది, ఆ హోదాలో ఉన్నది మన సంస్థే. ఆ తేదీ దాటితే, నోటీసు ఇవ్వకపోవడం గురించీ, నా తిరస్కరణ గురించీ కార్మిక శాఖలోని ఉద్యోగుల ప్రయోజనాల భద్రతా విభాగానికి ఫిర్యాదు చేస్తాను. ఆ ఫిర్యాదు ఇంగ్లీషులో సిద్ధంగానే ఉంది. మీతో నేరుగా మాట్లాడే అవకాశం ఇస్తే, ఏ రోజైనా సాయంత్రం 5 తర్వాత ఆఫీసుకు రాగలను.

ఇట్లు,
మీ సంస్థ ఉద్యోగిని

జతపరచినవి: ఫిబ్రవరి 3 నాటి తిరస్కరణ పత్రం, డాక్టరు లేఖ, రక్త పరీక్ష నివేదిక, ప్లాన్ పుస్తకంలోని 43, 61 పేజీల నకళ్లు, ఫిబ్రవరి 21 నాటి అప్పీలు నకలు.