ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే జూనియర్లకు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నిరుడు మే నెలలో హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఐదు వారాలు చేశాను. మొదటి వారమంతా రిజిస్టర్లు రాయడమే పని. సర్టిఫికెట్ వస్తే చాల్లే అని నోరు మెదపలేదు, అదే నా తప్పు.

సిమెంట్ క్యూబుల (అచ్చుల్లో పోసి గట్టిపడనిచ్చే చిన్న దిమ్మెల) బలాన్ని 3, 7, 28 రోజులకు పరీక్షిస్తారు. నేను పోసినవి రెండో వారం చివర్లోవి కాబట్టి 28 రోజుల రిజల్ట్ చూడకుండానే నల్లగొండ బస్సెక్కాను. మీరు చేరిన రోజే అడిగి క్యూబులు పోయండి. మిషన్‌లో క్యూబు టప్పున పగిలే చప్పుడు వినాల్సిందే!

కిల్న్‌లో (సిమెంట్ ముడిసరుకును కాల్చే కొలిమిలో) దాదాపు 1450 డిగ్రీలు, బయట మన ఎండల సంగతి తెలిసిందే. నూలు బట్టలు, షూ తప్పనిసరి. స్టైపెండ్ సంగతి ముందే అడగండి. నేను మొహమాటపడి బస్సు చార్జీలు కూడా జేబులోంచే పెట్టుకున్నా.

డౌట్లుంటే రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చేయండి.