శనివారం సలహా ఎందుకు ఆపామంటే

మా కక్షిదారులకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలోని మా ఆఫీసు వరండాలో ప్రతి శనివారం ఉదయం జరిగే ఉచిత న్యాయ సలహా గత వేసవి నుంచి నిలిచిపోయింది. అడిగినవారికి గుమాస్తా సెలవులో ఉన్నాడనీ, వరండాకు మరమ్మతులనీ ఏదో ఒకటి చెప్పి పంపాం. అవి నిజం కావు.

మా జూనియర్ ఒకరు, సలహా కోసం వచ్చిన ఒక మిర్చి రైతు దగ్గర ‘ఖర్చుల కింద’ నాలుగు వేల రూపాయలు తీసుకుని కాగితాలు బీరువాలో పడేశాడు. రైతుకు రావలసిన పంట సొమ్ముకు వ్యాపారి రాసిచ్చిన ప్రోనోటు అది. వెనుక చెల్లు (కొంత సొమ్ము ముట్టిందన్న రాత) వేసి ఉంది గానీ, ఆ చెల్లు రైతే రాసుకున్నాడు; డబ్బు కట్టినవాడి చేతిరాత గానీ సంతకం గానీ లేని చెల్లుతో దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు పెరగదు. మేము ఆ కాగితం చూసేసరికి గడువుకు పదకొండు రోజులు మిగిలాయి. దావా వేశాం, డబ్బు తిరిగి ఇచ్చాం, జూనియర్‌ను పంపించేశాం. ఆ తరువాత నేను చేసిన పని సరైనది కాదు: శనివారాలనే ఆపేశాను. 2019లో హైకోర్టు అమరావతికి వచ్చినప్పటి నుంచి అప్పీళ్ల పని పెరిగి, శనివారాలు నేను వరండాలో కూర్చోవడమే మానేశాను గనుక, తప్పులో సగం నాదే.

1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో ఏర్పడిన రోజుల్లో మా తాతగారు ఇక్కడ ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1956లో రాష్ట్రం మారి హైకోర్టు హైదరాబాదుకు తరలినా ఆయన కదలక, జిల్లా కోర్టు పనే చూసుకుంటూ, పల్లెల నుంచి దస్తావేజులు సంచిలో వేసుకుని వచ్చేవారి కోసం వరండాలో బల్ల వేయించారు. మా ఆఫీసుకు మంచి పేరంటూ ఉంటే అది ఆ బల్ల మీద వచ్చినదే. గెలిచిన దావాలు ఎవరికీ గుర్తులేవు.

వచ్చే నెల మొదటి శనివారం నుంచి తిరిగి మొదలుపెడుతున్నాం. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నేను గానీ మా చెల్లెలు గానీ స్వయంగా కూర్చుంటాం. అక్కడికి వచ్చినవారి నుంచి పైసా తీసుకోం, వకాల్తా అడగం. కోర్టుకు వెళ్లక తప్పనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు రాసి ఇస్తాం. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ‘మా ఆయనకు ఉద్యోగం ఉంది, మాకు ఇవ్వరు’ అని వెనుదిరిగే ఆడవారిని ఎందరినో చూశాను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, కానీ ఆ అవార్డు (అక్కడ ఇచ్చే తీర్పు) మీద అప్పీలు లేదు. సంతకం పెట్టేముందు ఒకసారి మాకు చూపించండి.

వకీళ్లు ప్రకటనలు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. ఇది మా పాత కక్షిదారులకు రాసిన ఉత్తరం మాత్రమే, దయచేసి ఇతర గ్రూపులకు పంపకండి.

శనివారం సలహాకు వచ్చి మా ఆఫీసులో ఎవరికైనా డబ్బు ఇచ్చినవారు ఉంటే, రసీదు లేకపోయినా వచ్చి చెప్పండి. ఆ రోజుల రిజిస్టరు నా బల్ల మీదే ఉంది. పేరు చూసి తిరిగి ఇస్తాం.