ఏప్రిల్‌లో, మే మొదట్లో మా దగ్గర చేతి బెండు కొన్నవాళ్లకు

ఏప్రిల్ 10 నుంచి మే 5 మధ్య మా నల్లగొండ షాపులో గానీ, ఆర్టీసీ కార్గోలో తెప్పించుకొని గానీ చేతి బెండు, అంటే ఈత నేర్చుకునేటప్పుడు చేతులతో పట్టుకునే ఫోమ్ బోర్డు, కొన్నవాళ్లు దాన్ని ఇక నీళ్లలోకి తీసుకుపోకండి. పిడి ఊడుతోంది. అన్నింటికీ ఊడలేదు. కానీ ఏది ఊడుతుందో, ఏది ఊడదో పైనుంచి చూసి చెప్పలేను. అందుకే ఆ రోజుల్లో అమ్మినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మొత్తం 62. ఇప్పటికి 19 వచ్చాయి. మిగతావి ఎండాకాలం సెలవులకు పిల్లలతోపాటు ఏ అమ్మమ్మగారి ఊరికో, ఏ బావి దగ్గరికో పోయి ఉంటాయని నా టెన్షన్.

గుర్తుపట్టడం సులువు. బోర్డు తిరగేసి చూడండి. నైలాన్ బెల్టు అడుగు నుంచి చుట్టి వచ్చి, కుట్లు కనబడితే అది పాత పద్ధతిలో చేసింది, దానికేం ఢోకా లేదు. అడుగు నున్నగా ఉండి, పిళ్లు పైన మాత్రమే అంటించి ఉంటే అది ఈ 62లోదే.

దీన్ని చూడనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. మన ఊళ్లలో బావిలో ఈత నేర్పేటప్పుడు పిల్లల నడుముకు సొరకాయ బుర్రో, ఎండిన మునగ మొద్దో, మూత బిగించిన నూనె డబ్బానో కట్టేవాళ్లు. నేను బుర్రతోనే నేర్చుకున్నాను. చేతి బెండు ఆ పనే చేసే ఫోమ్ బోర్డు. నడుముకు కట్టుకోరు, రెండు చేతులతో పిళ్లు పట్టుకుంటారు. బోర్డును ముందుకు చాపి, కాళ్లు ఆడిస్తే ఈత రానివాళ్లు కూడా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోగలుగుతారు. పట్టు మొత్తం పిడి మీదే. అలాంటి పిడి దగ్గరే నేను కక్కుర్తి పడ్డాను.

జరిగింది ఇది. ఎండలు ముదరగానే ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. పాత పద్ధతిలో బోర్డుకు నాలుగు చోట్ల చీలిక పెట్టి, బెల్టు దూర్చి, అడుగున చుట్టి, చెప్పులు కుట్టే దారంతో కుట్టాలి. ఒక్కోదానికి అరగంట పడుతుంది. కుట్టే ఆయనకు ఒంట్లో బాగాలేక పది రోజులు రాలేదు. ఆర్డర్లు వాపసు ఇవ్వడానికి మనసొప్పలేదు. రబ్బరు సొల్యూషన్ రాసి పిళ్లు అంటించాను. ఐదు నిమిషాల పని. చేత్తో గట్టిగా గుంజి చూస్తే రాలేదు. తొట్టిలో పది నిమిషాలు ముంచి చూసినా రాలేదు. సరేననుకున్నాను.

మే మొదటి వారంలో ఒక తండ్రి షాపుకొచ్చి కౌంటర్ మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి బోర్డు, రెండోది దాని పిడి. పిడి అడుగున సొల్యూషన్ బెల్లం పాకంలా సాగి, వేలికి అంటుకుంటోంది. పదకొండేళ్ల కొడుకు వ్యవసాయ బావిలో నడిమధ్యకు పోయాక కుడిచేతి పిడి ఊడి చేతిలోకి వచ్చిందట. రెండో పిడి పట్టుకొనే ఉన్నాడు గానీ బోర్డు పక్కకు ఒరిగి, పిల్లవాడు ఒక మునక వేశాడు. తండ్రి నీళ్లలోనే, రెండు బారల దూరంలో ఉన్నాడు కాబట్టి అందుకున్నాడు.

"అన్నా, పోరడు దక్కిండు. పైసలు అక్కర్లే. గిది ఇంకెవ్వలకు అమ్మకు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఆ సాయంత్రమే అమ్మకం ఆపేసి, మర్నాడు షాపులో మిగిలిన ఒక బోర్డును మధ్యాహ్నమంతా ఎండలో రేకుల మీద పెట్టి చూశాను. బావి గట్టు మీద బండ ఎంత కాలుతుందో మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. మూడింటికి తీసి, నీళ్లు నింపిన 20 లీటర్ల క్యాను పిడికి వేలాడదీస్తే నిమిషం కూడా ఆగలేదు. ఈ ఫోమ్ పాలిథిన్ జాతిది. పాలిథిన్‌కు ఏ జిగురూ ఒక పట్టాన అంటుకోదు, దానికి తోడు వేడికి సొల్యూషన్ మెత్తబడుతుంది. ఫోమ్ కొనే చోట ఈ మాట నాకు మొదట్లోనే చెప్పారు. తెలిసి చేసిన తప్పే. మెటీరియల్ మీదకు నెట్టలేను.

ఇప్పుడు ప్రతి బోర్డూ మళ్లీ చుట్టు బెల్టుతోనే. ఒక రోజంతా తొట్టిలో నానబెట్టి, రాత్రంతా ఒక్కో పిడికి నిండు క్యాను వేలాడదీసి, తెల్లారి చూశాకే అడుగున తేదీ రాస్తున్నాను. తేదీ లేని బోర్డు నా షాపులోనే అమ్మినా కొనకండి.

పిడి సంగతి ఇంతటితో సరి. ఇంకో తప్పు ఉంది, అది అన్ని బోర్డుల మీదా ఉంది, కుట్టిన వాటి మీద కూడా. కవర్ మీద నేను వేయించిన మాట: "ఈత రాకపోయినా నిశ్చింత". నిశ్చింత అనే మాట తీసేస్తున్నాను. ఇంట్లో ఉన్న కవర్ల మీద మీరే పెన్నుతో కొట్టేయండి.

ఎందుకో లెక్కతో చెప్తాను. బోర్డు పొడవు 60, వెడల్పు 32, మందం 6 సెంటీమీటర్లు. అంటే దాదాపు పదకొండున్నర లీటర్ల చోటు. ఎన్ని లీటర్ల నీళ్లను పక్కకు తోస్తే నీళ్లు అన్ని కిలోలు పైకి ఎత్తుతాయి. బోర్డు సొంత బరువు ముప్పావు కిలో తీసేస్తే పదిన్నర కిలోలకు పైగా మిగులుతుంది. మనిషి ఒళ్లు నీళ్లలో ఉన్నంతసేపు దాదాపు తేలుతున్నట్టే, తల ఒక్కటే బయట ఉంటే మోయాల్సింది నాలుగైదు కిలోలు. కాబట్టి పెద్దవాళ్లకూ సరిపోతుంది. కానీ భయపడ్డ మనిషి ఏం చేస్తాడు? బోర్డు మీదికి పాకుతాడు. ఛాతీ, భుజాలు నీళ్ల బయటికి వచ్చిన కొద్దీ వాటి పూర్తి బరువు బోర్డు మీద పడుతుంది. అప్పుడు పదిన్నర కిలోలు ఏ మూలకు? బోర్డు మునుగుతుంది, మనిషి ఇంకా బెదురుతాడు. కొందరు కడుపు కిందికి లాక్కుంటారు. అది ఇంకా కష్టం, నడుము పైకి లేచి ముఖం నీళ్లలోకి పోతుంది.

అందుకే చేతులు చాపి, గడ్డం నీళ్లకు ఆనించి, భుజాలు నీళ్లలోనే ఉంచాలి. కాళ్లు సైకిల్ తొక్కినట్టు కాదు, తుంటి నుంచి పొడుగ్గా కొట్టాలి. నడుంలోతు నీళ్లలో వారం రోజులు ఇలా అలవాటు చేసుకోకుండా లోతుకు పోవద్దు. ఇది కవర్ మీద రాయాల్సిన మాట. నేను రాసింది నిశ్చింత.

మహబూబ్‌నగర్ నుంచి ఒక సారు ఫోన్ చేసి మంచి ప్రశ్న వేశారు. "లైఫ్‌జాకెట్ల మీద 100 న్యూటన్లని రాస్తారు, అంటే పది కిలోల ఎత్తుడే కదా. నీ బెండుకూ అంతే ఉంది. మరి అదెందుకు ఎక్కువ, ఇదెందుకు తక్కువ?" ఎత్తుడు సమానమే సారూ. కానీ జాకెట్ ఒంటికి కట్టి ఉంటుంది. ఆ రకం జాకెట్ సొమ్మసిల్లిన మనిషిని కూడా వెల్లకిలా తిప్పి, ముఖం పైకి ఉంచేలా చేస్తారు. నా బెండు చెయ్యి పట్టినంతసేపే. చెయ్యి జారినా, తిమ్మిరెక్కినా అది ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. సాగర్‌లోనో, సోమశిల దగ్గరో పడవెక్కేటప్పుడు జాకెట్ అడిగి వేసుకోండి. దాని బదులు ఇది పట్టుకుపోవద్దు.

మణికట్టుకు తాడు కట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. మొదట్లో కట్టాను. అయితే మన బావుల్లో మోటారు పైపులుంటాయి, తీగలుంటాయి, గోడల్లోంచి చెట్ల వేళ్లుంటాయి. తాడు దేనికైనా చిక్కుకుంటే బెండే మనిషిని కట్టేస్తుంది. ఇప్పుడు గట్టిగా గుంజితే విడిపోయే వెల్‌క్రో పట్టీ పెట్టాను. వెల్‌క్రోలో మట్టి చేరితే మరీ తేలికగా విడిపోతుంది. రెండిట్లో ఏది నయమని అడిగితే విడిపోయేదే నయమంటాను. ప్రతిసారీ పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడగండి. ఇంతకంటే మంచి ఉపాయం ఇంకా తట్టలేదు.

ఇక కాలువ. నా వ్యాపారానికి దెబ్బే అయినా చెప్పాలి. కొన్నవాళ్లలో మిర్యాలగూడ వైపు వాళ్లు ఎక్కువ, వాళ్లకు దగ్గర్లో ఉన్నది సాగర్ ఎడమ కాలువ. 1967లో నీళ్లు వదిలినప్పటి నుంచి ఆ కాలువ మన అన్నం. కానీ ఈతకు పనికిరాదు. నీళ్లు పారుతున్నప్పుడు కాళ్లు ఎంత ఆడించినా బెండు పోయేది నీళ్లు తీసుకుపోయే దిక్కుకే. దరి చేరినా సిమెంటు లైనింగ్ ఏటవాలుగా ఉంటుంది, మీద పాచి. పట్టుకుందామంటే పట్టు దొరకదు. గజ ఈతగాళ్లే ఎక్కలేకపోయిన చోట ఈత రానివాడు బోర్డు పట్టుకొని ఏం ఎక్కుతాడు? పైనుంచి వరద దిగి, సాగర్ నిండి, కాలువకు వదిలారంటే చూడటానికి పండగే. గట్టు మీద నుంచే చూడండి. బెండు నిలకడ నీళ్లకే, అదీ మెట్లున్న బావికి, అదీ ఈత వచ్చిన పెద్ద మనిషి నీళ్లలో పక్కన ఉంటేనే. గట్టు మీద కూర్చొని ఫోన్ చూసే పెద్ద మనిషి లెక్కలోకి రాడు.

అయితే మెట్ల బావి ఎక్కడుందని మీరు అడగొచ్చు. నిజమే. బోర్లు వేశాక సగం బావులు ఎండిపోయాయి, సగం పూడ్చేశారు. మా నాన్న తరంలో ఊళ్లో ఈత రాని మగపిల్లవాడు అరుదు, మా అబ్బాయి క్లాసులో ఈత వచ్చినవాళ్లు అరుదు. నా బెండు అమ్ముడుపోవడానికి కారణం అదే కాబట్టి నేను మరీ బాధపడుతున్నట్టు నటించను.

ఒక చోట మాత్రం బెండు కచ్చితంగా పనికొస్తుంది: విసరడానికి. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి ఇంకొకరు దూకడం, ఇద్దరూ పోవడం మనం పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? ఒక పిడికి 15 మీటర్ల తాడు కట్టి గట్టు మీద ఉంచుకుంటే, దూకకుండా విసిరి లాగొచ్చు. డిండి వైపు చేపలు పట్టే ఒకాయన ఇలా వాడుతున్నానని చెప్పేదాకా నాకే తట్టలేదు. ఇప్పుడు తాడు విడిగా 120 రూపాయలకు ఇస్తున్నాను. పిడి తెచ్చిన ఆ తండ్రి మొన్న మళ్లీ వచ్చాడు. కొత్త బెండు ఊరికే ఇస్తానంటే వద్దన్నాడు. తాడు ఒక్కటి తీసుకొని, దాని పైసలు నేను వద్దంటున్నా కౌంటర్ మీద పెట్టి పోయాడు.

ధర గురించి. 850 ఉన్నది 990 అవుతోంది. కుట్టు కూలి, మంచి బెల్టు, ఒక రోజు తొట్టి. వెనక్కి తీసుకున్న 62 నష్టం ఈ ధరలో కలపలేదు, అది నా జేబుదే. వాపసు తెచ్చినవాళ్లకు మొత్తం 850 ఇచ్చేస్తాను. బెండే కావాలంటే అదే పాత ధర లెక్కన కొత్తది, పైన ఒక్క రూపాయి అడగను. కాకపోతే వారానికి 12 మించి చేయలేను, ఎంత తొందరపెట్టినా.

బిల్లు పోయినా పర్వాలేదు, పిడి ఊడకపోయినా తీసుకురండి. వనపర్తి, కొల్లాపూర్ వైపు వాళ్లు ఆర్టీసీ కార్గోలో పంపండి, ఛార్జీ నేనే కడతాను. మా దగ్గర కొని ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే ఈ కబురు వాళ్లకు చేరేయండి. షాపు ఆదివారం కూడా పొద్దున పది నుంచి తెరిచే ఉంటుంది. తొట్టి నింపి బయటే పెట్టాను, నిండు క్యాను పక్కనే ఉంది. కొత్తది తీసుకునేవాళ్లు వేలాడదీసి చూసుకొని మరీ తీసుకుపోండి.