డాన్యూబ్ వదిలేసిన లోయ

న్యూరెంబర్గ్,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం మొన్న చేరింది. వచ్చే వేసవికి ఇటు వస్తావని, వచ్చి సైకిలు మీద నదుల వెంట తిరుగుతావని చదివాక ఆ రోజంతా నాకు వేరే పని మీద మనసు నిలవలేదు. రోజూ తెల్లవారుజామున గోదావరి గట్టు మీద సైకిలు తొక్కే మనిషివి. ఈ దేశానికి వచ్చి రైలు కిటికీలోంచి చర్చి గోపురాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోతే నేను ఊరుకునేవాణ్ణి కాదు.

డోనావెషింగెన్ నుంచి పాసావ్ దాకా డాన్యూబ్ వెంట వెళ్ళమని అందరూ చెబుతున్నారు, నీ మాటేమిటి అని అడిగావు. అది మంచి దారే. ఉల్మ్‌లో 161 మీటర్ల ఎత్తున్న చర్చి శిఖరం దూరం నుంచే పిలుస్తుంది. ఐన్‌స్టైన్ పుట్టిన ఊరు కూడా అదే. అయినా మొదటిసారికి నా ఓటు దానికి కాదు. ఆల్ట్‌మ్యూల్ లోయకు రా. పేరు వినివుండవు. ఫ్రాంకోనియా కొండల్లో పుట్టి, తూర్పుకు మెలికలు తిరుగుతూ పోయి కెల్‌హైమ్ దగ్గర డాన్యూబ్‌లో కలిసే చిన్న నది అది. బవేరియాలో అతి నెమ్మదిగా పారే నదుల్లో ఒకటి. నీళ్ళు ఎటు కదులుతున్నాయో తెలియడానికి ఒక ఆకు పడేదాకా ఆగాలి. గున్జెన్‌హౌజెన్ నుంచి కెల్‌హైమ్ వరకు సైకిలు దారి సుమారు 165 కిలోమీటర్లు. ఎక్కుళ్ళు దాదాపు లేవు.

అంత చిన్న నదికి అంత పెద్ద లోయ ఎలా వచ్చిందన్న అనుమానం ఆ దారిలో ఎవరికైనా కలుగుతుంది. రెండు పక్కలా తెల్లటి సున్నపురాతి గోడలు, మధ్యలో వెడల్పాటి పచ్చిక మైదానం, అందులో ఎక్కడో ఓ మూల రెల్లు మధ్య సన్నటి నీటిపాయ. నిజానికి డోల్న్‌ష్టైన్ నుంచి కిందికి ఆ లోయను తొలిచింది డాన్యూబ్. ఒకప్పుడు అది ఇటే పారేది. మంచుయుగంలో దక్షిణాన మరో దారి చూసుకుని ఈ లోయను వదిలేసింది. డోల్న్‌ష్టైన్ దగ్గర సైకిలు ఆపి దక్షిణం వైపు చూస్తే నది లేని లోయ ఒకటి వచ్చి కలుస్తూ కనిపిస్తుంది. పెద్ద నది వచ్చిన దారి అదే. పెద్ద నది చదును చేసి వదిలిన నేల మీద ఈరోజు మనం గేరు మార్చకుండా గంటల తరబడి తొక్కుతాం. ఈ సంగతి తెలిశాక నాకు ఆ లోయ మీద ప్రేమ రెండింతలైంది.

ట్రోయ్ష్ట్‌లింగెన్ దాటేముందు గ్రాబెన్ అనే పల్లెకు తప్పకుండా మళ్ళాలి. పెద్ద బోర్డులు, బస్సులు ఏమీ ఉండవు. ఇళ్ళ వెనక చెట్ల నీడలో పొడవాటి చెరువు, రెండు పక్కలా మట్టి దిబ్బలు, బాతులు. అంతే. కానీ ఆ దిబ్బలు పోయించింది పశ్చిమ యూరప్‌ను ఏలిన షార్లమేన్ చక్రవర్తి. ఆల్ట్‌మ్యూల్ నీళ్ళు డాన్యూబ్ ద్వారా నల్లసముద్రానికి పోతాయి. అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో పారే రేజాట్ అనే వాగు నీళ్ళు మైన్, రైన్ నదుల్లో పడి ఉత్తర సముద్రానికి పోతాయి. ఈ రెండింటినీ కాలువతో కలిపితే పడవలు యూరప్‌ను అడ్డంగా దాటిపోతాయని ఆయన 793లో తవ్వకం మొదలుపెట్టించాడు. పగలంతా తవ్విన మట్టి ఎడతెగని వానలకు రాత్రికి రాత్రి జారి మళ్ళీ గుంటలో పడేదని అప్పటి రాజాస్థాన చరిత్రలు రాశాయి. అక్కడ దొరికిన కొయ్యల వయసు లెక్కగట్టినా అదే 793 తేలింది. నేను ఆ గట్టు మీద కూర్చుని చాలాసేపు కదల్లేదు. పలుగు, పార, గంప తప్ప ఏమీ లేని కాలంలో రెండు సముద్రాలను కలపాలనుకున్నవాళ్ళు తవ్విన గుంట, పన్నెండు వందల ఏళ్ళ తర్వాత కూడా అందులో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

అక్కణ్ణుంచి పాపెన్‌హైమ్ కోట చూసుకుంటూ జోల్న్‌హోఫెన్ చేరతావు. ఈ ఊరి గురించి నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టు. ఇక్కడి కొండలన్నీ పలకలు పలకలుగా విడిపోయే సున్నపురాయి. పాత ఇళ్ళ కప్పులు చూస్తే బేతంచెర్ల నాపరాళ్ళు గుర్తొస్తాయి. మేకు అన్నది లేకుండా పలకల్ని వరస మీద వరసగా పేర్చారు, వాటి బరువుకే అవి నిలిచి ఉంటాయి. పదిహేను కోట్ల ఏళ్ళ క్రితం ఇది వెచ్చటి సముద్రపు మడుగు. అడుగున నీళ్ళు మరీ ఉప్పగా ఉండి ఏ ప్రాణీ బతకలేకపోయేది. అందువల్ల పడిన కళేబరాన్ని పీక్కుతినేవి లేక, మెత్తటి సున్నపు బురద వాటిని పదిలంగా కప్పేసింది. తూనీగ రెక్కల్లోని ఈనెలు కూడా చెదరలేదు. 1861లో ఈ రాళ్ళల్లోంచే ఒక ఈక అచ్చు, ఆ వెంటనే ఈకలున్న ఆర్కియోప్టెరిక్స్ అస్థిపంజరం బయటపడ్డాయి. జీవపరిణామం మీద డార్విన్ పుస్తకం వచ్చి అప్పటికి రెండేళ్ళు. సరీసృపాలకూ పక్షులకూ మధ్య లింకు ఏదని అడుగుతున్నవాళ్ళ ముందుకు పళ్ళూ, పొడవాటి తోక ఎముకలూ, ఈకలూ అన్నీ ఉన్న జీవి వచ్చింది. జోల్న్‌హోఫెన్ మ్యూజియంలో అసలు నమూనానే చూడవచ్చు.

ఆ రాయి గొప్ప అక్కడితో ఆగలేదు. 1796 ప్రాంతంలో మ్యూనిక్‌లో అలోయిస్ జెనెఫెల్డర్ అనే నాటక రచయిత, తన నాటకాలు చవకగా అచ్చు వేసుకునే దారి వెతుకుతూ, ఈ లోయ రాతి పలక మీద జిడ్డు సిరాతో రాసి లిథో ముద్రణ కనిపెట్టాడు. చెక్కడం లేదు, అచ్చులు పోయడం లేదు. తడి రాయి సిరాను దగ్గరికి రానివ్వదు, జిడ్డు గీత సిరాను పట్టుకుంటుంది, అంతే సూత్రం. ఆ పనికి ప్రపంచంలో మేలైన రాయి ఇక్కడిదే అని పేరు పడింది. మన నాయనమ్మల కాలపు దేవుడి గదుల్లో రవివర్మ లక్ష్మీదేవి పటం ఉండేది కదా, అది లిథో అచ్చే. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ముద్రణాలయాన్ని నడపడానికి జర్మనీ నుంచే పనివాళ్ళు వెళ్ళారు. జోల్న్‌హోఫెన్‌లో జెనెఫెల్డర్ విగ్రహం ముందు నిలబడితే నాకు మా పెద్దమ్మగారి ఇంట్లో ఆ పటం, దాని అంచున ఎండిపోయిన కుంకుమ బొట్టు కళ్ళముందు కదిలాయి.

ఊరు దాటగానే నది ఒడ్డున పన్నెండు బండలు వరసగా నిలబడి ఉంటాయి. పన్నెండుగురు అపోస్తలులు అని పిలుస్తారు. ఆ పాత సముద్రంలో పెరిగిన దిబ్బల అవశేషాలవి. చుట్టూ వాలు మీద గడ్డి, అక్కడక్కడా జూనిపర్ పొదలు. గొర్రెల మందలు మేయబట్టే ఆ వాలు అలా ఉంది, మేపడం మానేస్తే కొన్నేళ్ళలో అడవి కమ్మేస్తుంది. అందుకని కాపరుల్ని పనిగట్టుకుని నిలబెడుతున్నారు. ఇది నాకు బాగా నచ్చిన సంగతి.

ఐష్టెట్‌లో రాత్రి ఆగుదాం. బిషప్పుల పట్నం, యూనివర్సిటీ కూడా ఉంది. 1634లో స్వీడన్ సైన్యం తగలబెట్టాక ఊరిని కొత్తగా కట్టారు, అందుకే మధ్యయుగపు ఊరి మీద ఇటాలియన్ తరహా బరోక్ (అలంకారాలు నిండిన కట్టడ శైలి) ముఖం కనిపిస్తుంది. సాయంత్రం ఆరు దాటాక రెసిడెన్స్ చౌకులో పసుపు రంగు ఎండ పడుతుంది, అప్పుడు చూడాలి. మర్నాడు పొద్దున్నే పైన బ్లూమెన్‌బెర్గ్ క్వారీకి వెళదాం. అక్కడ ఉలి, సుత్తి అద్దెకిస్తారు, ఎవరైనా రాళ్ళు చీల్చి శిలాజాలు వెతుక్కోవచ్చు. చీల్చిన పలక మీద ఫెర్న్ ఆకులాంటి నల్లటి గీతలు చాలావాటికి కనిపిస్తాయి. అవి మొక్కలు కావు, మాంగనీసు ఖనిజం రాతి పగుళ్ళలో పాకిన గుర్తులు. అదృష్టం ఉంటే సముద్రపు ఈకచుక్కలు, అంటే ఈకల్లాంటి చేతులున్న చిన్న సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి, పావలా కాసంత ఉంటాయి.

ఐష్టెట్ నుంచి బైల్న్‌గ్రీస్ దాకా దారి హాయిగా సాగుతుంది, దాని గురించి చెప్పేది తక్కువ. ఫ్యూన్ట్స్ దగ్గర రోమన్ కోట ద్వారం మళ్ళీ కట్టారు, కాసేపు ఆగు. రోమన్ సామ్రాజ్యపు సరిహద్దు గోడ ఈ లోయను కిప్ఫెన్‌బెర్గ్ దగ్గర దాటుతుంది. 2005లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన గోడ అది.

డీట్‌ఫుర్ట్ దగ్గర లోయ రూపం మారిపోతుంది. షార్లమేన్ వదిలేసిన పనిని మళ్ళీ బవేరియా రాజు మొదటి లుడ్విగ్ పట్టుకున్నాడు. 1846లో కాలువ తెరిచారు, వంద దాకా లాకులు పెట్టారు. లాకుల సంగతి ధవళేశ్వరం మనిషివి, నీకు చెప్పక్కరలేదు. రైళ్ళు రావడంతో ఆ కాలువ పాతబడింది. చివరికి 1992లో బామ్బెర్గ్ నుంచి కెల్‌హైమ్ దాకా 171 కిలోమీటర్ల మైన్-డాన్యూబ్ కాలువ పూర్తయింది. సముద్ర మట్టానికి 406 మీటర్ల ఎత్తు దాకా ఓడల్ని ఎక్కిస్తుంది. ఆ పనిలో ఆల్ట్‌మ్యూల్ చివరి భాగాన్ని తిన్నగా వెడల్పు చేసి కాలువగా మార్చేశారు. జనం గట్టిగా వ్యతిరేకించారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. పైన మెలికలు తిరుగుతూ వచ్చిన నదిని చూసి, ఇక్కడ రాళ్ళు పరిచిన ఒడ్లు చూస్తే గుండె కలుక్కుమంటుంది. కానీ ఒడ్డున సైకిలు దారి మాత్రం చక్కగా వేశారు. వదిలేసిన పాత మెలికల్లో కొంగలు నిలబడి ఉంటాయి. ఎస్సింగ్ దగ్గర కాలువ మీద 190 మీటర్ల చెక్క వంతెన ఉంది. నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ మాత్రమే. అలలా పైకీ కిందికీ ఊగే ఆకారంలో కట్టారు. దాని మీద తొక్కడం చిన్నపిల్లల ఆనందం.

కెల్‌హైమ్‌లో సైకిళ్ళతో సహా పడవ ఎక్కుదాం. డాన్యూబ్ నిటారైన కొండల మధ్య నుంచి దూరి వచ్చే ఇరుకు అది, ఒడ్డున దారి లేదు. పడవ వెల్టెన్‌బుర్గ్ మఠం దగ్గర దించుతుంది. 1050 నుంచి బీరు కాస్తున్నారు అక్కడ. అందరూ ఆ తోటలోనే కూర్చుండిపోతారు. నువ్వు ముందు చర్చిలోకి రా. ఆజామ్ సోదరులు 1716లో మొదలుపెట్టిన కట్టడం. లోపల మసక చీకటి. పీఠం మీద మాత్రం గుర్రమెక్కిన సెయింట్ జార్జ్ వెనక నుంచి వెలుగులో తేలుతూ వస్తాడు. కిటికీలు ఎక్కడున్నాయో కనిపించనివ్వలేదు. తల పైకెత్తితే గుండ్రటి కప్పు అంచు మీదుగా ఒకాయన వంగి మనల్ని చూసి నవ్వుతున్నాడు. ఆయన చిత్రకారుడైన అన్న, ఆ బొమ్మ చేసింది శిల్పి అయిన తమ్ముడు.

ఇక రేగెన్స్‌బుర్గ్ చివరి మజిలీ. 1135లో మొదలుపెట్టి 1146లో ముగించిన రాతి వంతెన మీదుగా ఊళ్ళోకి తొక్కుకుంటూ వెళ్ళవచ్చు, కార్లను రానివ్వరు. రోమన్లు 179లో కట్టిన కోట ద్వారం ఒక ఇంటి గోడలో కలిసిపోయి ఉంటుంది. కెప్లర్ తనకు రావలసిన జీతం బకాయిలు వసూలు చేసుకుందామని 1630లో ఈ ఊరికి వచ్చి, జబ్బుపడి ఇక్కడే కన్నుమూశాడు. అప్పటికే సాగుతున్న ముప్పై ఏళ్ళ యుద్ధంలో ఆయన సమాధి కూడా మిగల్లేదు. గ్రహాల దారులు కనిపెట్టిన మనిషి బాకీల కోసం తిరిగి పోయాడంటే నాకు ఇప్పటికీ బాధే.

కొన్ని పనికొచ్చే మాటలు. పడమర నుంచి తూర్పుకే వెళ్ళాలి, గాలి ఎక్కువగా వెనక నుంచి వీస్తుంది. ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు, శనివారమే రొట్టె, పళ్ళు కొనిపెట్టుకుందాం. నీ శాకాహారానికి లోటు రాదు. గుడ్డుకు అభ్యంతరం లేకపోతే జున్ను వేసిన ష్పెట్స్‌లే అనే పిండి ముక్కల వంటకం, మెలిపెట్టిన రొట్టె బ్రెట్జెల్, ఎండన పడి వచ్చాక సోడా కలిపిన ఆపిల్ రసం దొరకని ఊరు ఉండదు. సైకిలు అక్కడి నుంచి మోసుకురావద్దు, ఇక్కడ అద్దెకు తీసుకుందాం. నీకు అలవాటైన సీటు మాత్రం విప్పి పెట్టెలో పెట్టుకో, కొత్త సీటు మీద రోజుకు యాభై కిలోమీటర్లు కష్టం. వానకోటు మరచిపోకు.

మే నెలాఖరు అయితే పచ్చిక నిండా పూలుంటాయి, బడి సెలవుల రద్దీ వచ్చే ముందు గదులు పట్టాలి. వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకు. తేదీలు ఖాయం చేసి రాయి, నేను ఐష్టెట్‌లో గదితో మొదలుపెడతాను. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
రఘు