మంచు వాలు ఫ్యాషన్‌లో అతుకుల సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో స్కీ, స్నోబోర్డ్ దుస్తుల కొత్త పోకడల మీద వేసిన పేజీ కళకళలాడుతోంది. నడుము పైనే ఆగిపోయే, ఈకలు కూరిన పఫర్ జాకెట్లు, నేల ఊడ్చే వెడల్పు ప్యాంట్లు, బొచ్చు అంచు హుడ్లు, మళ్లీ తిరిగొచ్చిన వన్‌పీస్ సూట్లు, హెల్మెట్ మీద తొడిగే అల్లిక టోపీలు. ఫొటోలు దాదాపు అన్నీ రిసార్టు గుమ్మం ముందు నిలబడి తీయించుకున్నవే. నిలబడి ఉన్నంతసేపు ఏ బట్టయినా నప్పుతుంది. వాలు పైకి చేర్చే లిఫ్టు తడి సీటు మీద పది నిమిషాలు కూర్చుని, దిగేటప్పుడు ఒకసారి బోర్లా పడి లేచాక అదే బట్ట ఏమవుతుందో పేజీలో ఎక్కడా లేదు. మంచు ఎప్పుడూ రెండు తొడుగులు కలిసేచోటే దారి వెతుక్కుంటుంది. జాకెట్‌కూ ప్యాంటుకూ మధ్య, ప్యాంటుకూ బూటుకూ మధ్య, గ్లోవుకూ మణికట్టుకూ మధ్య, హెల్మెట్‌కూ గాగుల్స్‌కూ మధ్య. పోకడ ఏదైనా ఈ నాలుగు చోట్లా నిలిచిందా లేదా అన్నది చూస్తే చాలావరకు తేలిపోతుంది.

పొట్టి పఫర్ సంగతే చూడండి. స్కీ జాకెట్ లోపల నడుము దగ్గర పౌడర్ స్కర్ట్ అని ఒక ఎలాస్టిక్ పట్టీ కుడతారు. దాని అంచున జారకుండా సిలికాన్ చారలు, ముందు రెండు మూడు నొక్కుడు గుండీలు ఉంటాయి. పడ్డప్పుడు వీపు మీదికి మంచు ఎగబాకకుండా ఆపేది అదే. పొట్టి జాకెట్లో దానికి చోటే ఉండదు. కాబట్టి పొట్టి జాకెట్ వేసుకోదలిస్తే కింద ఛాతీ దాకా వచ్చే బిబ్ ప్యాంటు ఉండాలి. ఆ రెండూ కలిస్తే మంచి జోడీయే. నడుము దిగువన కూర్చునే ప్యాంటు మీద పొట్టి జాకెట్ వేస్తేనే చిక్కు. పరీక్ష సులువు: రెండు చేతులూ పైకెత్తండి, తర్వాత వంగి బూటు బకిల్ అందుకోండి. రెంటిలో ఏ భంగిమలోనైనా వీపు కనిపిస్తే అది ఊళ్లో తిరగడానికి పనికొచ్చే జాకెట్. స్నోబోర్డ్ వాళ్లకు ఇది మరీ ముఖ్యం. రెండు పాదాలూ ఒకే పలకకు కట్టుకోవాలి గనుక చాలామంది ప్రతి జారుడుకు ముందూ మంచులో చతికిలబడి పట్టీలు బిగించుకుంటారు.

పఫర్‌లో ఇంకో లోపం ఉంది. ఈకలు ఒకచోట పోగుపడకుండా అడ్డంగా కుట్లు వేస్తారు కదా, ఆ ప్రతి కుట్టూ సూది రంధ్రాల వరుసే. పైబట్ట మీద నీళ్లు నిలవకపోయినా ఆ వరుసలోంచి లోపలికి చెమ్మ దిగుతుంది. తడిసిన ఈకలు ముద్ద కట్టి, గాలిని పట్టి ఉంచే గుణం పోగొట్టుకుంటాయి. పొడిమంచు కురిసే చలిలో పఫర్ హాయిగానే ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర తడిమంచు పడే రోజు మాత్రం దాన్ని వాన ఆపే షెల్ జాకెట్ కింద మధ్యపొరగా వేసుకోవాలి.

వన్‌పీస్ సూట్‌లో నడుము అతుకే లేదు, ఆ మేరకు అది గట్టిది. కొనేటప్పుడు ఎత్తు కంటే భుజం నుంచి తొడల సందు వరకు ఉండే కొలత చూడాలి. వేసుకుని గొంతుక్కూర్చుంటే భుజాలు కిందికి లాగితే అది పొట్టిది. నడుము చుట్టూ వెనకవైపు జిప్పు ఉన్నది ఎంచుకుంటే మంచిది. లేనిదైతే మరుగుదొడ్డికి వెళ్లినప్పుడు పైభాగమంతా విప్పాలి. సూటు చేతులను ముందే నడుముకు ముడివేసుకోకపోతే అవి ఏ నేలను తుడుస్తాయో చెప్పనక్కర్లేదు.

ఇక ప్యాంటు కాలి అంచు. బేరం అంతా ఇక్కడే చెడుతుంది. 1950ల్లో జర్మనీలో మారియా బోగ్నర్ సాగే స్కీ ప్యాంటుకు పేరు తెచ్చినప్పుడు బూట్లు తోలువి, చీలమండ ఎత్తువి. పాదం కింద పట్టీతో బిగిసిన ప్యాంటు బూటులోకి చక్కగా దిగేది. ఇప్పటి స్కీ బూటు పిక్క సగం దాకా వచ్చే గట్టి ప్లాస్టిక్ చిప్ప. దాని లోపలికి ఒక్క పొడవు సాక్సు తప్ప మరేదీ వెళ్లకూడదు. థర్మల్ ప్యాంటు అంచును లోపలికి దోపితే, ఆ చిన్న మడతే ముందుకు వంగిన ప్రతిసారీ కాలి ముందెముకను నొక్కుతుంది. మధ్యాహ్నానికి ఎర్రని గీత, సాయంత్రానికి బూటు పెట్టలేనంత నొప్పి. అందుకే పిక్క పైనే ఆగే ముప్పావు పొడవు థర్మల్స్ చేస్తారు. చలికి భయపడి రెండు జతల సాక్సులు వేసుకోవడం ఇంకో పొరపాటు. అవి ఒకదాని మీద ఒకటి జారి ముడతపడతాయి, బూటు బిగిసి రక్తం ఆడక పాదాలు మరింత చల్లబడతాయి.

ప్యాంటు లోపల ఎలాస్టిక్ అంచుతో గెయిటర్ అనే లోపలి తొడుగు వేలాడుతుంది. అది బూటు చిప్ప పైనుంచి రావాలి, ప్యాంటు దాన్ని కప్పాలి. గెయిటర్‌ను బూటులో దోపితే కరిగిన మంచు దాని వెంటే బూటు లోపలి మెత్తటి లైనర్‌లోకి పాకుతుంది. ఇప్పటి వెడల్పు ప్యాంట్లతో వచ్చే తంటా మరొకటి. స్కీకి ఉక్కు అంచు ఉంటుంది, అది రెండో కాలి ప్యాంటు లోపలి అంచును కోస్తుంది. మంచి ప్యాంటులో అక్కడ అరచేతి వెడల్పున మందపాటి నైలాన్ ముక్క వేసి కుడతారు. ఫొటోలో అది నల్లని మాసికలా కనిపిస్తుంది గనుక కొందరు డిజైనర్లు తీసేస్తున్నారు. అలాంటి ప్యాంటు ఆ కోతలకు ఎన్నో రోజులు ఆగదు. అంచు మరీ పొడవైతే మడమ కింద చిక్కుతుంది. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లోకి కాలు దించేటప్పుడు బట్ట మడమకూ పట్టుకూ మధ్య ఇరుక్కుంటే పట్టు సరిగా మూతపడదు, పడినప్పుడు విడిపోవాల్సిన తీరులో విడిపోతుందన్న నమ్మకమూ ఉండదు. స్నోబోర్డ్‌లో అయితే వదులు బట్ట చీలమండ పట్టీ పళ్లలో పడి బిగుసుకుపోతుంది. బూటు తొడుక్కుని నిలబడితే మడమ దగ్గర అంచు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల పైన ఉండాలి. కొన్నిటికి వెనక అంచును పైకెత్తి పెట్టుకునే నొక్కుడు గుండీ ఉంటుంది, అది ఉన్నది తీసుకుంటే పార్కింగ్‌లో నడిచేటప్పుడు అంచు చిరగదు. వదులు ప్యాంటును తప్పుపట్టడం లేదు. మోకాళ్లు బాగా వంచే స్నోబోర్డ్‌కు, మెత్తటి బూటుకు అది సహజంగా నప్పుతుంది.

జాకెట్ల పక్కన మీ పేజీలో రంగు పేరు వేశారు, లేబుల్ మీది రెండు అంకెలు వేయలేదు. మొదటిది 10,000 లేదా 20,000 మి.మీ. అని ఉంటుంది. బట్ట మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలిపేదాకా చుక్క దిగదని అర్థం. కురిసే మంచును ఆపడానికి 10,000 సరిపోతుంది. తడి సీటు మీద కూర్చున్నా, మోకాళ్ల మీద నిలబడినా ఒత్తిడి చాలా పెరుగుతుంది గనుక ప్యాంటుకు ఎక్కువ అంకె ఉండటమే మేలు. జనం దీన్ని తలకిందులు చేసి జాకెట్‌కు 20,000, ప్యాంటుకు 5,000 కొంటారు. రెండో అంకె, చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందన్నది. దాన్ని కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి, అందువల్ల రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఈ రెండూ బట్టకు సంబంధించినవే, కుట్లకు వర్తించవు. కుట్లన్నిటికీ లోపల టేపు అతికించారా, లేక భుజాలూ హుడ్ వరకేనా అన్నది అస్తరు తిప్పి చూస్తేనే తెలుస్తుంది.

‘గోర్‌టెక్స్ జాకెట్ రెండేళ్లకే కారింది’ అనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. 1969లో బాబ్ గోర్ సాగదీసి కనిపెట్టిన, నీటిని ఆపి ఆవిరిని వదిలే ఆ పలుచని పొర అంత తేలిగ్గా కారదు. అరిగిపోయేది పైబట్ట మీది నీటిని జార్చే పూత. అది పోతే పైబట్ట నీళ్లు తాగుతుంది, లోపలి ఆవిరికి దారి మూసుకుపోతుంది, చెమటే చల్లబడి లోపల చుక్కలు కడుతుంది. వేసుకున్నవాళ్లు బయటినుంచి నీళ్లొచ్చాయనుకుంటారు. పైగా పాత పూతల్లో నీటినీ జిడ్డునూ జార్చే పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలను ఇప్పుడు వదిలేస్తున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 జనవరి 1 నుంచి బట్టల్లో వాటిపై ఆంక్షలు పెట్టాయి. కొత్త పూతలు నీటిని జారుస్తాయి గానీ జిడ్డును ఆపలేవు. సన్‌స్క్రీన్, మెడ జిడ్డు అంటిన కాలరు, మణికట్టు అంచులే ముందు తడుస్తాయి. కాబట్టి జాకెట్‌ను ఉతకకుండా కాపాడుకోవాలన్న పాత సలహా ఇక చెల్లదు. లేబుల్ మీది వేడిలో, ద్రవ సబ్బు కొద్దిగా వేసి, రెండుసార్లు జాడించాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలు వద్దు, అది పూత మీద పేరుకుని నీటిని పట్టి ఉంచుతుంది. తర్వాత డ్రైయర్‌లో తక్కువ వేడి మీద 20 నిమిషాలు తిప్పాలి. డ్రైయర్ లేకపోతే, లేబుల్ ఇస్త్రీని ఒప్పుకుంటే, ఆవిరి లేని గోరువెచ్చని ఇస్త్రీపెట్టెతో మధ్యన గుడ్డ వేసి రుద్దాలి. ఆ వేడికే పూత మళ్లీ లేస్తుంది.

అల్లిక స్వెట్టర్‌ను పైతొడుగుగా చూపించారు. గాలి లేని రోజయినా గంటకు 30 కి.మీ. వేగంతో జారితే జారేవాళ్లే గాలిని పుట్టించుకుంటున్నట్టు. మైనస్ 10 డిగ్రీల్లో ఆ వేగానికి ఒంటికి తగిలే చలి మైనస్ 20తో సమానం. అల్లిక రంధ్రాల్లోంచి అదంతా లోపలికొస్తుంది. పైన షెల్ ఉంటే ఉన్ని స్వెట్టర్ బంగారం. నూలు హూడీ మాత్రం షెల్ కింద కూడా వద్దు, చెమటను పీల్చుకుని వదలదు.

హెల్మెట్ మీద తొడిగే అల్లిక టోపీలు వదులుగా వేలాడనంతవరకు పర్వాలేదు. కొమ్ములూ బొమ్మలూ జిగురుతో అతికించడం మాత్రం మంచిది కాదు. జిగురులోని ద్రావకం చిప్ప ప్లాస్టిక్‌ను దెబ్బతీయవచ్చు. ఊలు టోపీ పెట్టుకుని దాని మీద హెల్మెట్ పెడితే కొలత తప్పుతుంది. లోపల ఈఎన్ 1077 లేదా ఏఎస్‌టీఎం ఎఫ్ 2040 అన్న భద్రతా ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడాలి. ఇటలీలో 2025 నవంబరు 1 నుంచి స్కీ వాలుల మీద అన్ని వయసుల వాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి. హెల్మెట్ అంచుకూ గాగుల్స్ పై అంచుకూ మధ్య నుదురు కనిపిస్తే అక్కడ చలిగాలి కోస్తుంది. అందుకే హెల్మెట్, గాగుల్స్ కలిపి పెట్టి చూసి కొనాలి.

గాగుల్స్‌లో అద్దంలా మెరిసే ముదురు లెన్సే అందరికీ కావాలి. ఎస్3 తరగతి లెన్సు 8 నుంచి 18 శాతం వెలుతురునే లోపలికి పంపిస్తుంది. ఎండకాసే రోజు అది సరిగ్గా సరిపోతుంది. మబ్బు పట్టినా, చెట్ల మధ్యకు వెళ్లినా గుంతలు కనిపించవు. అప్పటికి 43 నుంచి 80 శాతం పంపే ఎస్1 లెన్సు జేబులో ఉండాలి. కొత్తగా వచ్చిన, తలనూ మెడనూ ముఖాన్నీ కప్పే బాలక్లావాను ముక్కు మీదికి లాగి దాని అంచు గాగుల్స్ లోపల దోపితే ఊపిరంతా లెన్సు మీదికే పోతుంది. ఆవిరి పట్టాక లోపలి వైపు రుద్దకూడదు, అక్కడ ఆవిరి పట్టకుండా వేసే పూత తడిగా ఉన్నప్పుడు చాలా మెత్తన. మంచు దులిపి, గాలికి ఆరనివ్వాలి.

పొడవాటి స్కార్ఫులు, వేలాడే హుడ్ తాళ్లు చైర్‌లిఫ్టు దిగేచోట సీటుకు తగులుకుంటాయి. వాటిని జాకెట్ లోపల దోపేయాలి. బ్యాక్‌ప్యాక్‌ను లిఫ్టు ఎక్కేముందే ఒళ్లోకి తెచ్చుకోవాలి. బొచ్చు అంచు విడదీయగలిగేదైతే తడిమంచు రోజు తీసేయడం మేలు, గడ్డకట్టి చెంపలకు రాసుకుంటుంది.

చివరగా ఒక సవరణ వేయమని కోరుతున్నాను. గ్లోవులు తీయకుండానే మూతపడతాయని అయస్కాంత గుండీలున్న జాకెట్‌ను మెచ్చుకున్నారు, ఆ పక్క ఫొటోలోనే రిసార్టు హద్దు దాటి పొడిమంచులోకి వెళ్లే జంటకు అదే తొడిగారు. మంచు చరియలు విరిగిపడే చోట్లకు వెళ్లేవాళ్లు, మంచులో కూరుకుపోతే చోటు తెలిపే చిన్న రేడియో, అంటే 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్స్‌సీవర్ ఒంటికి కట్టుకుంటారు. అయస్కాంతాలు, ఫోన్లు, వేడెక్కే గ్లోవులు దాని సంకేతాన్ని చెడగొడతాయి. మామూలుగా 20 సెంటీమీటర్లు, మరొకరిని వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచమంటారు. ఛాతీ మీది గుండీకీ ట్రాన్స్‌సీవర్‌కూ మధ్య అంత దూరం ఉండదు. జాకెట్‌లో కుట్టిన రెక్కో అనే, వెతికే సంకేతాన్ని తిప్పికొట్టే ముక్క ట్రాన్స్‌సీవర్‌కు బదులు కాదు. అది తనంతట ఏ సంకేతమూ పంపదు, వెతికే బృందం దగ్గర దాని పరికరం ఉంటేనే పలుకుతుంది. వాళ్లిద్దరికీ తొడిగిన తెల్ల దుస్తులు కూడా మంచులో వెతికేవాళ్ల కంటికి ఆనవు. కనీసం ఆ ఫొటో కింద, ఇది హద్దు లోపలి వాలుకే అని ఒక వాక్యం వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు